మిషను ‘తగ్గింది’ అన్న మద్యాన్నం

మా పండు ఇప్పుడు బాగానే ఉన్నాది. ముందు ఆ ముక్క సెప్పీసి, తరవాత కత సెప్తాను. సగంలో ఎవరికీ గుండెదడ పుట్టకూడదు. నాకు పుట్టిన దడ నాతోనే పోనీ.

నా పేరు పైడమ్మ. ఇజీనారం దగ్గిర పల్లెలో పుట్టేను. పెళ్లయ్యి భిలాయి ఒచ్చేను, ఈ ఖుర్సీపార్ వాడలోనే ముసిల్దాన్నయిపోయేను. మా ఆయన ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్ కాడ పనిసేసేవోడు. ఆయనున్నన్నాళ్లూ సదవడం ఆయన పని, ఇనడం నా పని. మందుచీటీ అయినా, ఊర్నించి ఉత్తరమైనా, ఆయన సదివితే నాను ఇనీదాన్ని. ఆయన పోయి ఆరేళ్లయ్యింది. అప్పట్నించి నాకు సెవులే కళ్లు. ఇది రాస్తన్నది మా ఎనకింటి టీచరమ్మ.

ఇంట్లో మేం నలుగురం. మా కొడుకు రమణ ప్లాంటులో కంట్రాట్రు కింద క్రేను నడుపుతాడు. కోడలు సునీత బట్టల కొట్లో పనిసేస్తాది. వోళ్ల నాన్నది రైల్వే, భిలాయి-3 అనే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాటాడతాది గానీ కోపమొస్తే హిందీలోకి ఎల్లిపోతాది. ఆళ్ల కూతురు పండు, ఆరేళ్లది. వాడలో హిందీవోళ్లు దాన్ని ‘గుడ్డీ, గుడ్డీ’ అని పిలిసేవోరు. వోళ్ల బాసలో బొమ్మ అనంట. నాకేటి తెలుసు? మా పిల్లకి రెండు కళ్లూ దివ్యంగా ఉన్నాయి, గుడ్డి అంటారేటని వాడంతా తిరిగి దెబ్బలాడొచ్చేను. ఒకే మాట రెండు సెవుల్లో రెండు రకాలుగా పడతాదని నాకు అప్పుడే బుద్ధి రావాల. రానేదు.

పండుకి నాలుగో ఏట నెమ్ము సేసింది. నెమ్ము పోయింది గానీ, దాని రొమ్ములో బలాన్ని కూడా పట్టుకుపోయింది. కాస్త జలుబు సేస్తే సాలు, డొక్కలెగరేసీది. ఆస్పత్రికి పరిగెత్తడం, నాలుగు రోజులుండడం, ఇంటికి రావడం, మళ్లీ పరిగెత్తడం. సునీత కొట్లో సెలవలు అడిగి అడిగి, అడగడానికి మొకం సెల్లక ఏడిసీది. అందుకే పగలు పిల్ల భారం నాది. ఆ భారమే నాకు బలం అనుకోండి. ఆయన పోయేక ఈ ఇంట్లో నాకు దొరికిన డ్యూటీ అది.

పోయిన ఏడు వానలు మొదలయ్యేటప్పుడు డాక్టరు సెప్పేడు, పిల్లల్ని ఇంట్లో పెట్టి సూసుకునే మిషనొకటి కాలేజీ పిల్లలు తయారు సేస్తన్నారు, మీరూ వాడి ఎలాగున్నాదో సెప్పండని. ఓ మద్యాన్నం ఆస్పత్రి హాల్లో మాలాటోళ్లని పది కుటుంబాల్ని కూసోబెట్టేరు. ఆ కాలేజీవోళ్లలో పెద్దది నేహా అని హిందీ పిల్ల. సేతిలో పుస్తకం, సెవెనక పెన్ను. ‘మీకెలాంటి మిషను కావాలి, మీరే చెప్పండి’ అన్నాది హిందీలో.

నా జన్మలో మిషను సేసినోళ్లు నన్నలాగ అడగనేదు. కుక్కరు సేసినోడు అడిగేడా? నీళ్ల మోటారు సేసినోడు అడిగేడా? అందుకే అందరికన్నా ముందు సెయ్యెత్తేను. ‘బేటీ, ప్లాంటు సైరను భోంపూలాగ అరవకూడదు, పిల్ల దడుసుకుంటాది. మనిసిలాగ మెత్తగా మాటాడాల. నాకు సదువు రాదు, నా సెవిలో సెప్పాల’ అన్నాను నాకొచ్చిన హిందీలో. మిగతా తల్లులూ అవునవునన్నారు. నేహా రాసుకున్నాది. ఇంటికొచ్చి రమణకి గొప్పగా సెప్పుకున్నాను, ‘నా మాట పుస్తకంలో ఎక్కించుకున్నార్రా’ అని. ‘అయితే ఇంక నువ్వు ఇంజినీరువేనమ్మా’ అన్నాడు ఆడు.

వినాయకచవితి ఎల్లేక మిషనొచ్చింది. తాబేలు బొమ్మలాగుంది, అరిసేతిలో పట్టీంత. దానికో తీగ, తీగ సివర ఏలికి తొడిగే క్లిప్పు. ఒంట్లో గాలి ఎంతున్నాదో అంకె ఏస్తాది. తక్కువయితే మాటాడి పిలుస్తాది. హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, మూడు బాసలున్నాయి. నా కోసమని రమణ తెలుగు పెట్టేడు. మొదట్లో అది నోరే తెరవనేదు. ‘నానమ్మా, ఇది మూగ తాబేలు’ అని పండు దానికి మెతుకులు పెట్టీది.

దీపావళి మందుల పొగకి పండుకి దగ్గు పట్టుకుంది. రెండో నాడు మద్యాన్నం రమణ డ్యూటీలో ఉన్నాడు, సునీత కొట్లో ఉన్నాది. పొద్దున్నించీ డొక్కలెగరేసిన పిల్ల నెమ్మదించింది. ఎగరెయ్యడం మానీసి కళ్లు మూసింది. తాబేలు దాని ఏలికే ఉన్నాది. నాను జావ కాస్తన్నాను. అప్పుడు మాటాడింది తాబేలు, మొదటిసారి. ఆడమనిసి గొంతు. పసిబిడ్డకి నీళ్లోసి సాంబ్రాణి పట్టే మనిసి మాటాడినట్టు ఎంత మెత్తగానో!

‘పాప ప్రాణవాయువు స్థాయి తగ్గింది.’

అందులో నాకు తెలిసిన మాటలు రెండు. పాప. తగ్గింది. నడుమున్నది పంతులుగారి మంత్రంలాగ ఏదో. జబ్బు మనిసున్న ఇంట్లో తగ్గింది అంటే ఏటి? జొరం తగ్గింది. నొప్పి తగ్గింది. మనోళ్లెవరైనా గడప తొక్కితే ‘ఏటమ్మా, పిల్లకి తగ్గిందా?’ అనే కదా పలకరిస్తారు. నాను సెయ్యి తుడుసుకొని, పైడితల్లికి దణ్ణం పెట్టుకున్నాను.

ఎల్లి సూసేను కూడా. పడుకునుంది. తాబేలు మీద ఎర్రగా ఎనభైరెండు కనపడింది. అంకెలు నాకొచ్చు, బస్సు నంబర్లు సూసే ఎక్కుతాను. నూటికి ఎనభైరెండంటే మా రమణ బళ్లో ఎప్పుడూ తెచ్చుకోనేదు. ఫస్టుకలాసే అనుకున్నాను.

అంతలో సునీత ఫోన్ సేసింది.

‘అత్తా, ఎలా ఉంది పండుకి?’

‘తగ్గిందే. మిషను కూడా తగ్గిందనే అంటన్నాది.’

‘పక్కా?’

‘పక్కా. ఇదిగో, మళ్లీ అంటన్నాది, నువ్వే ఇనుకో.’ ఫోను తాబేలు దగ్గిర పెట్టేను.

‘హా, వినపడింది అత్తా. అచ్ఛా హువా. సాయంత్రం జిలేబీ తెస్తానని చెప్పు దానికి’ అని పెట్టీసింది.

తాబేలు అంటానే ఉన్నాది. అన్నప్పుడల్లా నాకు సంతోషమే. జావ సల్లారబెట్టేను. ఎనకింటి టీచరమ్మ బట్టలారేస్తా గోడమీంచి పలకరించింది. ‘మీ తాబేలు ఇవాళ తెగ మాట్లాడుతోందే పైడమ్మా!’

‘పిల్లకి తగ్గిందని ఒకటే సంబరం దానికి’ అన్నాను.

‘ఏదీ, చూద్దాం’ అని ఒచ్చింది. పండు ఏళ్లు సేతిలోకి తీసుకుంది. ఆ సెయ్యి ఎత్తి నాకు సూపించింది. గోళ్లు నీలంగా ఉన్నాయి. పెదాలు నేరేడుపళ్లు తిన్న పిల్ల పెదాల్లాగున్నాయి. ‘పండూ’ అని అరిసేను. కనురెప్ప కదిలింది గానీ ఇడిపడనేదు.

ఆటోలో పిల్ల నా ఒళ్లో ఉన్నాది. క్లిప్పు తియ్యాలని ఎవరికీ తోసనేదు. రోడ్డు పొడుగునా ఆ మెత్తని గొంతు తగ్గింది, తగ్గింది అంటానే ఉన్నాది. ఏడుస్తన్న నాకు అది ఓదార్పులాగే ఇనిపించింది. అదీ నా తెలివి.

ఆస్పత్రిలో పిల్లని లోపలికి పట్టుకుపోయేరు, తలుపు మూసీసేరు. బయట కుర్సీలు నేవు. గేటుకాడ గార్డు తన కుర్సీ తెచ్చి ఏసి, ‘బైఠో మాయీ’ అని తను గోడకానుకొని నిలబడ్డాడు. పక్కన ఛత్తీస్‌గఢీ ఆడమనిసి ఒకామె, ఆమె కొడుకూ లోపలే ఉన్నాడు, నా ఈపు రాస్తా ‘ఫికర్ ఝన్ కర్ దాయీ’ అన్నాది. బెంగెట్టుకోకమ్మా అని. తన బెంగ ఆమె ఎక్కడ పెట్టుకున్నాదో. రమణ హెల్మెట్టుతోనే ఒచ్చేడు. సునీత మెడలో కొట్లో గుడ్డ కొలిసే టేపు ఏలాడతానే ఉన్నాది. మెడమీద అదుందని మర్నాడు నాను తీసేదాకా దానికి తెలనేదు.

డాక్టరు బయటికొచ్చి పిల్లకి గండం గడిసిందన్నాడు. టయానికి తీసుకొచ్చేరు అంటాడేమోనని ఆడి మొకమే సూసేను. అననేదు.

మూడో నాడు నేహా వార్డుకొచ్చింది. తాబేలుని తన ఫోనుకి కలిపి సూసింది. అది ఎన్నిసార్లు పిలిసిందో దాంట్లో ఉంటాదంట. ‘పదకొండు సార్లు పిలిచింది’ అన్నాది మెల్లగా, హిందీలో.

సునీత మంచం మీంచి లెగిసింది. ‘పదకొండు సార్లా? అత్తా! పదకొండు సార్లు పిలిస్తే నువ్వేం చేస్తున్నావు?’

‘పదకొండుసార్లూ ఇన్నానే. నీకు సెప్పేను కదా!’

‘ఏం చెప్పావు? తగ్గిందని చెప్పావు!’

‘మిషనే అలాగన్నాది.’

‘మిషన్ ఝూఠ్ బోలేగీ క్యా? మిషను అబద్ధం చెప్తుందా?’ పిల్ల పక్కనుందని గొంతు నొక్కుకొని అరిసింది.

‘మరి నాను సెప్తానా?’

నేహాకి తెలుగు రాదు. ఇటు సూసింది, అటు సూసింది. రమణ కిటికీ వేపు తిరిగిపోయేడు. అమ్మ సెవులు పోయేయనుకున్నాడంట ఆడు. తరవాత సెప్పేడు. నాకూ అనుమానమొచ్చింది, నిజంగా తగ్గింది అనే అన్నాదా, నా ఆశ నా సెవిలో అన్నాదా అని. వోళ్లు అనుమానించడం కన్నా అది ఎక్కువ బాద.

ఇంటికి పంపిన నాడు పండుని మా ఇంటికి తేనేదు. సునీత భిలాయి-3లో వోళ్లమ్మ దగ్గిరికి తీసుకుపోయింది. ఎల్లేముందు గుమ్మంలో నిలబడి, ‘అత్తా, నీమీద కోపం కాదు. కానీ నీ దగ్గర ఒంటరిగా వదల్లేను. మనసు రాదు’ అన్నాది. తెలుగులోనే అన్నాది. హిందీలో తిట్టుంటే బాగుండును.

ఆ సలికాలమంతా ఇంట్లో నానూ రమణా. ఆడు డ్యూటీకెల్తే నానూ గోడలూ. పండుతో ఈడియో ఫోన్లో మాటాడీదాన్ని. ‘నానమ్మా, ఎప్పుడొస్తాను?’ అంటే సిగ్నల్ పోయినట్టు నటించీదాన్ని.

మాఘంలో కబురొచ్చింది, మిషను వాడినోళ్లందరూ మళ్లీ ఆస్పత్రి హాలుకి రండి, తప్పొప్పులు సెప్పండని. ‘నువ్వెందుకమ్మా, పదిమందిలో?’ అన్నాడు రమణ. ‘దాని మాట ఒకపాలి ఇనాల్రా. నా సెవులు పోయేయో, నేదో తెలవాల’ అన్నాను. టీచరమ్మ తోడొచ్చింది. తీరా సూస్తే సునీత కూడా ఉన్నాది, పండుని డాక్టరుకి సూపించడానికొచ్చి. పండు పరిగెత్తుకొచ్చి నా ఒళ్లో కూసుంది. సునీత ఒద్దననేదు గానీ, కళ్లు తియ్యనేదు.

నేహా అందర్నీ వరసగా అడుగుతన్నాది. నా వంతొచ్చింది. నిలబడ్డాను. ‘బేటీ, నాకు ఫిర్యాదు నేదు. దాన్ని ఒకపాలి మాటాడించు. ఆ మద్యాన్నం అన్న మాటే, తెలుగులో’ అన్నాను.

ఏదో నొక్కింది. తాబేలు అదే మెత్తని గొంతుతో అన్నాది: ‘పాప ప్రాణవాయువు స్థాయి తగ్గింది.’

హాలు ఎనక వరసలో సిక్కోలు పెద్దాయనొకడు, రైల్వేలో రిటైరయినోడు, మనవడి కోసం ఒచ్చినోడు, గట్టిగా అన్నాడు: ‘తగ్గిందా? మంచిది తల్లీ! మరి ఇంకేటి గొడవ?’

కూసుండిపోయేను. నా సెవులు పోనేదు.

నేహా టీచరమ్మ వేపు సూసింది. ‘తగ్గింది అంటే కమ్ హో గయా కదా? సరైన మాటే కదా?’ కంప్యూటరు సేత తెలుగు సేయించి, తెలుగొచ్చిన పెద్ద సదువులోడి సేత దిద్దించేరంట.

టీచరమ్మ హిందీలో సెప్పింది, గాలికి తగ్గింది అంటే తక్కువయ్యిందని, మనిసికి తగ్గింది అంటే నయమయ్యిందని. నాను అందుకున్నాను. ‘మాట తప్పు కాదు బేటీ. జబ్బింట్లోకి ఆ మాట ఎప్పుడూ మంచి కబురు మోసుకొనే ఒస్తాది. సెడ్డ కబురు దాని సేత మోయించేరు.’

నేహా మొకం పాలిపోయింది. అప్పుడు సునీత లెగిసింది. కొట్లో గిరాకీతో మాటాడినట్టు కాదు, సిన్న గొంతుతో, అందరికీ అర్థమవ్వాలని హిందీలో అన్నాది. ‘నేనూ విన్నాను. ఫోన్లో అత్త వినిపించింది. నేనూ నయమైందనే అనుకున్నాను. హాస్పిటల్లో అందరి ముందూ అత్తనే అన్నాను, నేను విన్నానని చెప్పలేదు. భయమేసింది.’

నా వేపు సూడకుండానే కూసుంది. నాను కూడా దాని వేపు సూడనేదు. కొన్ని మాటలు ఇనీటప్పుడు మొకం సూడకూడదు.

మరి ఏ మాట పెట్టాల? హాలంతా గోల. ‘ప్రమాదం అని పెట్టండి’ అన్నాడు సిక్కోలు పెద్దాయన. ‘కరెంటు స్తంభాలమీద పుర్రె బొమ్మేసి రాసుంటాది బాబూ, రోజూ దానికే మేకని కడతన్నాం’ అన్నాదొకామె. ‘పడిపోయింది’ అన్నారెవరో. ‘నానైతే పిల్లని మంచం కింద ఎతుకుతాను’ అన్నాను. నవ్వేరు. ఆ నవ్వులో నాకు నోరొచ్చింది. ‘ఊపిరి సాలడం నేదు అని పెట్టండి. సాలకపోవడం అంటే ఏటో ఇల్లు నడిపినోళ్లందరికీ తెలుసు. నీళ్లు సాలకపోతే, బియ్యం సాలకపోతే ఎవరమూ కూసోం’ అన్నాను.

నేహా నోరు తిప్పుకొని ‘సాలడం నేదు, సాలడం నేదు’ అని నేర్సుకుంది. తరవాత ఓ మంచి పని సేసింది. అర్థమయ్యిందా అని అడగనేదు. ముగ్గురు ముసిలోళ్లని ఏరేరుగా పిలిసి, ఆ మాట ఇనిపించి, ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడిగింది. ముగ్గురూ పరిగెడతాం అన్నారు. ఇంక ఎప్పుడూ ఇలాగే అడుగుతానన్నాది. మెత్తని గొంతు కావాలన్నది నానే కాబట్టి, దాన్ని దిద్దే భారమూ నాదే. ‘మంచి కబురు మెత్తగా సెప్పినా పరవానేదు బేటీ. సెడ్డ కబురుకి గొంతు మారాల. పిల్ల దడుసుకుంటే దడుసుకోనీ, నాను ఎత్తుకుంటాను’ అన్నాను. అదీ రాసుకున్నాది.

ఇక్కడితో నా తప్పు కడిగీసేరని అనుకోను. నాను పెంచింది ఒక్క పిల్లని కాదు. పిల్ల గోళ్లు సూడాల, పెదాలు సూడాల, ఎగరేసిన డొక్కలు ఉన్నట్టుండి ఆగితే అది నిద్రో, అలుపో లేపి సూడాల. ఇదంతా మిషను పుట్టకముందే నాకు తెలుసు. మిషను మాటాడతన్నాది కదాని నా కళ్లు పని మానీసేయి. మీ ఇంట్లో ఇలాటిది ఉంటే ఒకపాలి మోగించి, ఇంట్లో ముసిలోళ్లకి ఏటి ఇనపడిందో అడగండి. ముసిలోళ్లయితే, మిషను ఎంత మాటాడినా ముందు పిల్లని సూడండి.

శివరాత్రి ఎల్లేక కొత్త తాబేలొచ్చింది. దాని ఎనకాలే పండూ, సునీతా ఒచ్చేరు. సునీత నాకు క్షమించమని సెప్పనేదు, నాను అడగనేదు. బట్టల మూట దించుతా, ‘అత్తా, రేపట్నించి డ్యూటీకెళ్తున్నా’ అన్నాది. అంతే. ఎల్లింది గానీ, గంటకోసారి ఫోన్ సేసీది. కొట్లో ఓనరు గొణిగేడంట. నాను మాత్రం ప్రతిసారీ ఎత్తేను.

మొన్న పండుకి మళ్లీ జలుబు సేసింది. రెండ్రోజులు దగ్గింది. మూడోనాడు మద్యాన్నం సునీత ఫోన్.

‘అత్తా, తగ్గిందా?’

తగ్గింది. కానీ ఆ మాట నా నోట రానేదు. రమ్మన్నా రాదింక.

‘గోళ్లు ఎర్రగా ఉన్నాయే. అన్నం తిన్నాది, రెండోపాలి అడిగి తిన్నాది. ఇప్పుడు టీచరమ్మగారి గోడెక్కి కూసుంది, దిగమంటే దిగడం నేదు.’

అటు కొట్లో గిరాకీ గోల ఇనపడతన్నాది.

‘దింపు అత్తా దాన్ని, పడిపోతుంది’ అన్నాది. ‘సరే, గిరాకీ ఉంది, పెట్టేస్తున్నా.’

పెట్టీసింది. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేదాకా మళ్లీ సెయ్యనేదు.